ఒంపినా రాని అంబలి

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారంటే నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, అలాంటివి లేవని అరకు కొండల్లో ఊరూరా తిరిగి బోధించాను. పోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రిస్తారన్నది అప్పుడూ ఇప్పుడూ నా విశ్వాసం. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇది పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మా కొండల్లోకి ఉప్పు కావిళ్ల మీద వచ్చే రోజులు. నేను డుంబ్రిగుడ దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి వాక్యం బోధించే ఉపదేశిని. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మా నేనూ.

ఆ వానాకాలం అమ్మకు జ్వరం తగిలేనాటికి నేను రెండు కొండల అవతల ఉన్నాను. వెంటనే రమ్మని శనివారం కబురొచ్చింది. మర్నాడు అక్కడ ఏడుగురికి బాప్తిస్మం. దేవుని పని ముగించుకుని వెళ్దాం, అమ్మైనా అదే చెబుతుంది అనుకున్నాను. సోమవారం ఇల్లు చేరేసరికి అమ్మను మట్టిలో పెట్టేశారు.

చివరిదాకా దగ్గరున్నది పెద్దమ్మ, అమ్మకు అక్క.

"గుంటడొచ్చేడా అని రెండుసార్లు అడిగిందిరా. మరి అడగలేదు," అంది.

ఆ 'మరి అడగలేదు' నన్ను తినేసింది. నా మీద ఆశ వదులుకుందా? కోపంతోనే పోయిందా? మోకాళ్లు కాయలు కాచేలా ప్రార్థించాను. జవాబు రాలేదు.

మావాళ్లలో మనిషి పోతే వాళ్లు వాడిన కుండ, ఆనపకాయ బుర్ర పగలగొట్టి, గుడ్డల అంచు చింపి, పూడ్చినచోట పెడతారు. అలా చేస్తేనే అవి పోయినవాళ్లకు అందుతాయంటారు. పెద్దమ్మ అమ్మ అంబలి బుర్ర ఎత్తింది. ఆనపకాయను ఎండబెట్టి, లోపల తొలిచి చేసిన బుర్ర అది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇది విశ్వాసుల ఇల్లు, పెద్దమ్మా."

"పగలగొట్టకపోతే దానికెలా అందుతాదిరా? అమ్మ సొమ్ము అమ్మకియ్యవా?"

వినలేదు. అమ్మ వస్తువులన్నీ సంతకు మోసుకెళ్లి, మైదానం నుంచి వచ్చే ఉప్పు వర్తకుడికిచ్చి, ప్రార్థన గుడి దీపానికి నూనె తెచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మూడు నెలల తర్వాత అదే సంతలో, పట్టపగలు, ఒక ముసలామె ఆ వర్తకుడితో దెబ్బలాడుతోంది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. అనంతగిరి వైపు మనిషట. ఆమె చేతిలో ఉన్నది అమ్మ బుర్ర. మూతి దగ్గర పగులుకు అమ్మ పెట్టిన లక్క అలాగే ఉంది.

"ఏటీ పాడు బుర్ర నాకంటగట్టేవు? అంబలి పోత్తే సివర రెండు గుక్కలు దిగదు. నీల్లు పోత్తే సుబ్బరంగా వచ్చేత్తాయి. అంబలే రాదు!"

"ఒంపడం సేతకాక బుర్రనంటావేటి, మామ్మా?"

అతను నవ్వుతూ బుర్ర బోర్లించాడు. ఊపాడు. అడుగున అరచేత్తో చరిచాడు. లోపల అంబలి కదిలిన చప్పుడు నేను విన్నాను. చుక్క రాలలేదు. మూతిలోకి పుల్ల పెట్టి చూశాడు. ఏదీ అడ్డం లేదు.

నేను వాళ్ల దగ్గరికి వెళ్లాను. పోడు పనిలో ఎంత ఆకలేసినా అమ్మ అంబలి మొత్తం తాగేది కాదు. చివర రెండు గుక్కలు బడి నుంచి వచ్చే నాకోసం ఉంచేది. నేను ఉపదేశినయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. ఈ సంగతి వాళ్లిద్దరికీ తెలిసే దారి లేదు.

"ఇలా ఇయ్యండి," అని తీసుకుని నోటికెత్తాను.

ధారగా వచ్చింది. రుచిలో విశేషమేమీ లేదు. ఆ ముసలామె పొద్దున కాచిన చోడి అంబలే. మొత్తం తాగేశాను.

"ఉపదేశిగారూ, అంబలిక్కూడా బాప్తిస్మం ఇచ్చేసేరేటి!" అన్నాడు వర్తకుడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ముసలామె నవ్వలేదు. "ఎవులిది బాబూ, ఈ బుర్ర?"

"మా అమ్మది."

"మరిన్నాల్లూ ఏటి సేత్తన్నావు? మీయమ్మ ఎన్నాల్లని అట్టిపెడతాది?"

సంతలో అందరి ముందూ కూలబడి ఏడ్చాను. ఆమె బుర్ర నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

ఈ సంగతి మా పాదిరిగారికి చెప్పాను. దుఃఖంలో అలా అనిపిస్తుంది, ప్రార్థన చేసుకో అన్నారు. కావచ్చు. కానీ బుర్ర బోర్లించి చూసిన ఆ వర్తకుడికి ఏ దుఃఖమూ లేదు.

అమ్మ కోపంతో పోలేదు. అంతవరకు నాకు తెలిసింది. ఎలా తెలియజేయబడిందో నేను చెప్పలేను. లేఖనాల్లో వెతికాను, దొరకలేదు.

మర్నాటి నుంచి రోజూ ఆ బుర్రలో అంబలి పోసి ఒంపుతున్నాను. చివరి చుక్క దాకా వచ్చేస్తోంది. ఆ రోజు అమ్మ ఉంచిన రెండు గుక్కల్లో ఒకటైనా తాగకుండా ఉంచవలసింది.