అన్న కారు అడుగు రేకు

అన్న పోయిన నాలుగో నెలలో వదిన, అన్నకు బొగ్గు గని కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. సామాను కట్టేశాక మిగిలింది వెనుక షెడ్డులోని కారు. రెండు తలుపులు, రెండు సీట్లు, మడిచే గుడ్డ కప్పు. ఊరు విడిచి వెళ్తున్న ఒక ఇంజినీరు దగ్గర అన్న కొన్న పాత విదేశీ స్పోర్ట్స్ కారు. గనిలో ఫిట్టరు కాబట్టి ఇంజన్ తనే బాగు చేసుకున్నాడు.

వదిన ఒకటే మాట అంది. "దానంతట అది నడుసుకుంట వస్తే కొత్తింటికి తీస్కపోదాం. లేకుంటె పాత ఇనుప సామానోనికి ఇచ్చేస్త. తాళ్లు గట్టి గుంజుకపోతుంటె నేను సూడలేను."

ఇంజన్ వెంటనే అందుకుంది. కానీ నేను కూర్చోగానే డ్రైవరు సీటు వెనక్కి ఒరిగింది. దాని బోల్టులు పట్టుకోవడానికి కింద రేకు మిగల్లేదు.

సీట్లు తీస్తే కన్వేయర్ బెల్టు రబ్బరు కనిపించింది. గనిలో బొగ్గు మోసి అరిగిన ఈ బెల్టు ముక్కలు మా ఊళ్లో గుమ్మాల ముందు, బర్రెల కొట్టాల్లో, ఎక్కడ చూసినా ఉంటాయి. అన్న దాన్ని కొలిచి కోసి, అంచు నుంచి అంచు దాకా గమ్‌తో అంటించాడు. రేకుకు రక్షణ అనుకున్నాడు. గుడ్డ కప్పులోంచి దిగిన వాన నీళ్లు బెల్టు కిందికి చేరి, బయటికి దారి లేక అక్కడే ఉండిపోయాయి. బెల్టు ఎత్తితే రేకు పొరలు పొరలుగా దానితోపాటే వచ్చింది. షెడ్డు మట్టి కనిపించింది.

అన్న మీద కోపం వచ్చింది. మనిషి లేడు కాబట్టి ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఊళ్లో వెల్డింగ్ చేసే పెద్దాయనను పిలిచాను, అందరూ కాక అంటారు. గనిలో పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టే టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు గేట్లు, గ్రిల్లులు చేస్తాడు. వంగి చూసి నవ్వాడు.

"బెల్టు అంటేసిండా? గీ ఊర్ల ఎవలైనా గదే చేస్తరు సారూ. మా దేవుని అర్ర ముంగట గూడ బెల్టు ముక్కనే."

తుప్పు కోద్దామని గ్రైండరు అందుకున్నాను.

"ఆగు సారూ! బడిల పాఠాలు చెప్తవు గని, సపోర్టు లేకుంట ఎవలన్న కోస్తరా?"

గట్టి కప్పు లేని కారుకు బలమంతా అడుగులోనే ఉంటుంది. అది కోసేస్తే బాడీ నడుము దగ్గర వంగుతుంది, తలుపులు మళ్లీ సరిగా పడవు. ఇలాంటి కారును కాక కూడా ముట్టుకోవడం అదే మొదలు. కానీ ముందు ఆధారం, తర్వాతే కోత అన్నది ఆయన ఉద్యోగమంతా చేసిన పని. తలుపులుండే ఖాళీల్లో ఇనుప యాంగిళ్లు అడ్డంగా అతికాడు. బాడీ కింద చెక్క దిమ్మెలు పెట్టి లెవెల్ చూశాడు. అప్పుడు ఒక పక్క కోయనిచ్చాడు. అది పూర్తయ్యాకే రెండో పక్క.

అట్ట మీద కొలతలు గీసి కొత్త రేకు కోశాం. వేడికి మెలి తిరగకుండా ఆయన అక్కడొకటి ఇక్కడొకటి అతుకులు వేశాడు. సీటు బోల్టుల దగ్గర మందపాటి పట్టీలు పెట్టాడు. నేను అతుకులు రుద్ది, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, దాని మీద రెండుసార్లు నల్లరంగు వేశాను.

వదిన వచ్చి చూసింది. "మల్ల బెల్టు ఎయ్యరా?"

"వద్దొదినా, నీళ్లాగుతయి. కొబ్బరి పీచు పట్టలు వేద్దాం. ఎత్తి ఆరబెట్టుకోవచ్చు."

"ఆయనుంటె నీతోని కొట్లాడుతుండె," అంది. వంగి కొత్త రేకును వేలితో తట్టి, "గెలుస్తుండె గూడ," అంది. అన్న పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

ఆఖరున కాక యాంగిళ్లు కోసి తీశాడు. తలుపు వేశాను. ఒక్క దెబ్బకు పడింది. రెండోదీ పడింది. సందు పైనా కిందా ఒకేలా ఉంది.

"సూడుండ్రి! నూలుపోగంత గూడ కదల్లే!" కాక గ్రైండరు పక్కన పడేసి చప్పట్లు కొట్టాడు.

ఇల్లు మారిన రోజు వదిన ఆటో వద్దని కారెక్కింది. ముందు పాదాలు మెల్లగా ఆనించింది, తర్వాత గట్టిగా తొక్కి చూసింది. సర్దుకుని కూర్చుంది. మెయిన్ రోడ్డెక్కాక ఒక బొగ్గు లారీ అడ్డం వచ్చింది. నేను జాగ్రత్తగా దాని వెనకాలే నడుపుతున్నాను.

"గీ లారీ ఎనుక ఎంతసేపు పోతవు?" అంది వదిన. "దాటు."

దాటాను.