చుక్కలమ్మ పోగొట్టుకున్న పెన్ను

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది ఆఫీసు కాగితాల్లో భద్రంగా ఉంది. బయట మాత్రం అందరికీ ఆమె చుక్కలమ్మ. ఐదేళ్ళలోపు పిల్లల నోళ్ళలో రెండేసి చుక్కల పోలియో మందు వేస్తూ ఇరవై రెండేళ్ళు తిరిగిన నర్సు. ఐసు మధ్య మందు సీసాలు సర్దిన డబ్బా మోసీ మోసీ ఆమె కుడి భుజం వేలెడు కిందికి దిగింది. ఆమెకు బట్టలు కుట్టే దర్జీ కొలత తీసుకోకుండానే ఆ వైపు తగ్గించి కత్తిరిస్తాడు.

తలుపులు తట్టడం ఎంత అలవాటైపోయిందంటే, ఒక సాయంత్రం సొంత ఇంటి తలుపే తట్టి, "ఐదేళ్ళలోపు పిల్లలున్నారా అండీ?" అని అడిగేసింది.

"ఒకడున్నాడు. యాభై రెండేళ్ళవాడు. ఆకలేసి ఏడుస్తున్నాడు" అన్నాడు భర్త లోపల్నుంచి.

ఆమెకు నవ్వు రాలేదు. అప్పటికి నూట పధ్నాలుగు గడపలు ఎక్కి దిగి వచ్చింది మరి.

ఈ విడత పని మొదలై అది రెండో రోజు. మొదటి రోజు బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. తల్లులు పిల్లల్ని అక్కడికే తెచ్చి మందు వేయించుకున్నారు. మందు పడిన ప్రతి పిల్లకూ ఎడమచేతి చిటికెన వేలి మీద ఊదారంగు పెన్నుతో గుర్తు పెట్టారు. వారం దాకా చెరగని సిరా అది. రెండో రోజు నుంచి సందు తర్వాత సందుగా ఇల్లిల్లూ తిరిగి వేళ్ళు చూడాలి. గుర్తు లేని పిల్లలకు మందు వేయాలి. అంతా అయిన ఇంటి తలుపు మీద సుద్దతో టిక్కు పెట్టాలి. పక్క పట్టణంలో ఒక పసిపిల్ల కాలు చచ్చుబడిందని నెలక్రితం కబురొచ్చింది. అందుకే పైవాళ్ళు ఈసారి ఒక్క పిల్లనూ వదలొద్దని గట్టిగా చెప్పారు.

కుట్టుమిషన్ల సందులో రెండో రోజు పని అరగంటలో అయిపోయింది. ప్రతి వేలి మీదా ఊదారంగు గుర్తు ఉంది. ఈ సందుకు ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందో అని ఆశ్చర్యపోతూనే చుక్కలమ్మ టిక్కులు పెట్టుకుంటూ పోయింది.

మూడో రోజు పొద్దున లెక్కల కాగితం ముందు కూర్చుని పోస్టుమాస్టరు దగ్గాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఊరికే ఉండలేక ఈ పనికి వస్తున్న పెద్దాయన ఆయన. లెక్క రాయడం, సుద్దముక్క మోయడం ఆయన వంతు.

"ఏమ్మా, కుట్టుమిషన్ల సందు నుంచి బడి దగ్గరికి వచ్చింది ముప్పై ఒక్కమంది. నిన్న మనం చూసిన వేళ్ళు ముప్పై ఎనిమిది."

"ఎక్కడో గీత తప్పి ఉంటుంది బాబాయిగారూ."

"నలభై ఏళ్ళు రిజిస్టర్లు రాశాను. నాకు గీత తప్పదు."

"అయితే నా కళ్ళు తప్పాయి. ఏడు వేళ్ళ కోసం ఇప్పుడు ప్రాణం తీయకండి."

"ఏడు వేళ్ళు కాదమ్మా, ఏడుగురు పిల్లలు" అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆయన మీద ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాట నిజం కాబట్టి మరీ మండింది. సాయంత్రం నాలుగింటికి తనిఖీ అధికారి వస్తాడు. ఆయనా వేళ్ళే చూస్తాడు, బాగుందని సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. గుర్తున్న వేలిని ఎవరూ రెండోసారి అడగరు. అందుకే మందు పడకుండానే గుర్తు ఎవరి వేలి మీద ఉందో, ఆ పిల్ల ఈ విడతలో ఇక ఎవరికీ కనిపించదు.

డబ్బా భుజానికి తగిలించుకుని ఆమె మళ్ళీ కుట్టుమిషన్ల సందుకు నడిచింది. మిషన్ల చప్పుడు కిటికీల్లోంచి సన్నటి వానలా కురుస్తోంది. ఆరేసిన దుప్పట్లు గాలికి నిండి, ఎటో ప్రయాణమై నిలిచిపోయినట్టున్నాయి. వాటి కింద ఇస్త్రీ ఆవిడ కొడుకు మట్టిలో బోర్లా పడుకున్నాడు. రెండున్నరేళ్ళ వాడిని అందరూ పిల్లి అంటారు. మూడు విడతలుగా చుక్కలమ్మ చేతికి దొరకలేదు. ఒకసారి మంచం కిందికి దూరాడు, ఒకసారి కరిచాడు. ఇప్పుడు వాడే చెయ్యి చాచి వేలు చూపించాడు. నిన్న హడావిడిలో పట్టించుకోలేదు గానీ, గుర్తు చిన్న గీతలా లేదు. వేలికి ఊదారంగు టోపీ తొడిగినట్టుంది.

"నువ్వు బడి దగ్గరికి వచ్చావట్రా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"మరి ఇది ఎవరు పెట్టారు?"

"డాక్టరు."

"ఏ డాక్టరు?"

పిల్లి ఎదురింటి మెట్ల వైపు చూపించాడు. అక్కడ చుక్కలమ్మ బట్టలు కుట్టే దర్జీ కూతురు కూర్చుని ఉంది. ఏడేళ్ళుంటాయి. పక్కన ఒక నీళ్ళసీసా, దాని మూత, ఊదారంగు పెన్ను.

ఆ పెన్నును చుక్కలమ్మ చూడగానే గుర్తుపట్టింది. మొదటి రోజు బల్ల మీద నుంచి మాయమైన పెన్ను అది. సూపర్‌వైజరు అడిగితే, వెతికే ఓపిక లేక, కాలువలో పడిపోయిందని చెప్పి ఇంకోటి తీసుకుంది.

"ఇది నీకెక్కడిదే?"

"బల్ల కింద దొరికింది. మీరు తిడతారని ఇవ్వలేదు" అంది పిల్ల. తర్వాత ధైర్యం తెచ్చుకుని, "నేను అందర్నీ వరసలో నిలబెట్టి వేశానండీ. ఒక్కళ్ళు కూడా ఏడవలేదు. మీ దగ్గరైతే అందరూ ఏడ్చారు" అంది.

"ఏం వేశావు?"

"మంచినీళ్ళు. కాచి చల్లార్చినవే."

పోస్టుమాస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వకండి బాబాయిగారూ."

"నవ్వట్లేదమ్మా. వరస బాగా నడిపిందని అనుకుంటున్నాను."

ఎవరెవరికి వేశావంటే పిల్ల చెప్పలేకపోయింది. బడి దగ్గర మందు పడ్డవాళ్ళు కూడా సరదాకి మళ్ళీ వరసలో నిలబడ్డారట. పాత గుర్తు మీదే కొత్త గుర్తు పెట్టిందట. ముప్పై ఎనిమిది వేళ్ళలో ఆ ఏడు ఏవో చెప్పగలవాళ్ళు లేరు. ఇక మిగిలింది ఒకటే దారి. సందు మొత్తానికి మళ్ళీ వేయాలి, ఈసారి కుడిచేతి వేలికి గుర్తు పెట్టాలి.

మొదటి తలుపు దగ్గరే ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మొన్నేగా వేశారు! మా పిల్లలేమన్నా కుండీలో మొక్కలా, రోజూ నాలుగు చుక్కలు పోయడానికి?"

"రెండోసారి పడితే ఏమీ కాదక్కా."

"ఏమీ కానప్పుడు వేయడం ఎందుకు?"

ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నో రూపాల్లో వచ్చింది గానీ, ఇంత నున్నగా ఎప్పుడూ రాలేదు. మందు ఎందుకు మంచిదో చెప్పే మాటలన్నీ చుక్కలమ్మకు నోటికొచ్చు. వాటిని మొదలుపెట్టింది. మధ్యలో అరుగు మీది ముసలాయన అందుకున్నాడు. "అదంతా ఎందుకమ్మాయ్? మీ మందులో బలం లేదని ఒప్పుకో, అందరం వేయించుకుంటాం."

"మందులో బలముంది తాతా! బలం లేనిది నా బుర్రలో!" అని అరిచేసింది. "పెన్ను పారేసుకున్నాను. అది ఈ పిల్లకు దొరికింది. మీ పిల్లల్లో ఏడుగురికి పడింది నీళ్ళు. ఏ ఏడుగురో నాకు తెలీదు. చాలా?"

సందులో మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నడుం మీద చేతులున్నావిడ చేతులు దించి, "ఆ మాట ముందే చెప్పొచ్చుగా తల్లీ" అంటూ చంటిదాన్ని తేవడానికి లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం రెండుకల్లా ముప్పై ఏడుగురు అయ్యారు. మిగిలింది పిల్లి. డబ్బా మూత తెరవగానే వాడు దుప్పటి వెనక చేరి పళ్ళు బిగించాడు. వాళ్ళమ్మ ఇస్త్రీపెట్టె వదిలి వచ్చి, "మొన్న నీళ్ళకి నోరు తెరిచావు కదరా, ఇవాళ ఏమొచ్చింది?" అని తల పట్టుకుంది. చుక్కలమ్మ బతిమాలింది, బెదిరించింది, లేని చాక్లెట్టు ఆశ చూపింది. వాడు కదల్లేదు.

"తెరవమంటే తెరవడండీ. ముందు మన నోరు చూపించాలి" అంది వెనకనుంచి దర్జీ కూతురు.

చుక్కలమ్మ ఆ పిల్ల వైపు కొట్టేసేలా చూసింది. తర్వాత ఉసూరుమంటూ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచింది. వెనక రెండు పళ్ళు ఊడిపోయిన నోరు. పిల్లి దగ్గరికొచ్చి, బావిలోకి తొంగిచూసినట్టు చూశాడు. లోపల ఏం కనిపించిందో ఏమో, వాడి నోరు కూడా మెల్లగా తెరుచుకుంది. ఒకటి, రెండు. చుక్కలు పడ్డాయి. వాడు చప్పరించి, "నీళ్ళు బాగున్నాయి, ఇది బాలేదు" అని ముఖం చిట్లించాడు.

పోస్టుమాస్టరు ముప్పై ఎనిమిదో గీత గీశాడు. రెండు సీసాల్లో మిగిలింది ఇద్దరికి సరిపడా మందు. తనిఖీకి ఇంకా గంటన్నర ఉంది. ఎవరికీ తెలియకుండా అన్నీ సర్దుకున్నట్టే. చుక్కలమ్మ డబ్బా మూసి, పెన్ను కోసం చెయ్యి చాచింది.

పిల్ల పెన్ను ఇచ్చి, వెళ్ళబోయి, ఆగింది. "వెనక సందుక్కూడా వెళ్తారా?"

"ఆ సందు ఇంకా మా వంతుకు రాలేదు. ఎందుకే?"

"అక్కడ మా పిన్ని వాళ్ళిల్లు. నిన్న సాయంత్రం అక్కడ కూడా వేశాను. ఇక్కడికంటే ఎక్కువమంది వచ్చారు."

చుక్కలమ్మ ఆ డబ్బా మీదే కూలబడింది. పోస్టుమాస్టరు కాగితం తిప్పి, వెనక వైపు కొత్త గళ్ళు గీయడం మొదలుపెట్టాడు. ఆ గళ్ళను కాసేపు చూసి, ఆమె ఫోను తీసి సూపర్‌వైజరుకు చేసింది.

"సార్, అర్జెంటుగా మూడు సీసాలు పంపండి... సరిపోయేన్నే ఇచ్చారండీ. కాదు సార్, ఒలకపోయలేదు. పెన్ను కాలువలో పడలేదు సార్, నేను అబద్ధం చెప్పాను. వివరాలు తర్వాత రాసిస్తాను, ఎంత పొడుగ్గా కావాలంటే అంత రాస్తాను. ముందు సీసాలు పంపండి."

అవతలి గొంతు ఎంత పెద్దగా లేచిందంటే పోస్టుమాస్టరుకు కూడా వినిపించింది. అది సన్నగిలేదాకా ఫోను చెవికి దూరంగా పట్టుకుని, చివర్లో "అలాగే సార్" అని పెట్టేసింది.

వెనక సందులో మొదటి తలుపు తట్టింది. చంటిబిడ్డను చంకనేసుకున్న ఒక యువతి తలుపు తీసి, కుడి భుజం మీది డబ్బాను చూసి ముఖం ముడిచింది.

"మళ్ళీనా? నిన్న ఆ చిన్న డాక్టరు వచ్చి వేసి వెళ్ళిందిగా. మీకంటే ఎంతో మర్యాదగా మాట్లాడింది."

"నిజమేనమ్మా, నాకు మర్యాద లేదు" అంది చుక్కలమ్మ డబ్బా మూత తీస్తూ. "బిడ్డని ఇలా వెలుతురులోకి తీసుకురండి."