బంగారు చేపకు సంభాషణలు రాసిన వైనం

తాను నేర్చిన విద్యతోనే లోకమంతా నడుస్తున్నదన్న భ్రమ ప్రతి మనిషికీ ఒక వయసులో కలుగుతుంది. నాకు ఆ భ్రమ ఫిల్మ్‌నగర్‌లో కలిగింది. ఆ రోజుల్లో అక్కడ ఇళ్ళ కన్నా బండరాళ్ళే ఎక్కువగా కనబడేవి. భాషాప్రవీణ పట్టా చేతబట్టుకొని ఎన్ని కళాశాలల మెట్లెక్కినా కొలువు దొరకని నాకు, మా అక్కయ్య మాటసాయంతో ఒక డబ్బింగ్ థియేటర్లో ఉచ్చారణ దిద్దే పని దొరికింది. తెలుగు రాని కథానాయికలకు గొంతు అరువిచ్చేది మా అక్కయ్య. ఆమె మైకు ముందు పలుకుతుంటే, పక్కన కూర్చొని శకార షకారాల భేదం చెడకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. (ఆమెకు ఆ కాపలా ఏనాడూ అవసరపడలేదు. అయినా నేను గంభీరంగా తల పంకిస్తూ ఉండేవాణ్ణి. పండితుడన్నవాడు అప్పుడప్పుడు తల పంకించకపోతే పక్కవాళ్ళకు నమ్మకం కుదరదు.) తెరమీది పెదవులు మూసుకున్నప్పుడు ప-ఫ-బ-భ-మలలో ఒకటి పడితీరాలి, తెరుచుకున్నప్పుడు అచ్చు వినబడాలి. ఇదే ఆ విద్యకు మూలసూత్రం. అది మా ఇంటిల్లిపాదికీ ఎంతగా ఒంటబట్టిందంటే, నోరు కదిలితే చాలు, అందులో మాట ఉండితీరుతుందని నమ్మేవాళ్ళం.

అటువంటి అక్కయ్యకు గొంతులో జబ్బు చేసింది. మొదట స్వరం బొంగురుపోయింది, తరువాత పూర్తిగా ఆగిపోయింది. బంజారా హిల్స్‌లోని ఒక ఆసుపత్రిలో చేర్చాము. సినిమా కంపెనీలో ప్రొడక్షన్ పని చూసే మా బావగారు ఆమె మంచం దగ్గరే ఉండిపోగా, రెండో తరగతి చదువుతున్న మేనకోడలు నా పాలబడింది. ఆ పిల్లను అందరమూ గువ్వ అని పిలిచేవాళ్ళం. సాయంత్రాలు దాన్ని ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ణి. అక్కయ్య పెదవులు కదిపేది, శబ్దం వచ్చేది కాదు. గువ్వ మంచం పట్టె మీద చేతులానించి, తల్లి నోటివైపే చూస్తూ, ఆమెకు గొంతు అరువిచ్చేది.

“బాగానే ఉందంట. తొందర్లో వచ్చేస్తుందంట. నాకు రోజూ పూరీలు చేయించమంటోంది మామయ్యా.”

“పూరీ అంటే ముందు పెదవులు కలవాలి గదే? నాకు కలిసినట్టు కనబడలేదు!”

“కలిశాయి. నువ్వే చూళ్ళేదు.”

అక్కయ్య నిశ్శబ్దంగా నవ్వేది, బావగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవారు. అక్కయ్య కోరికలన్నీ గువ్వకు లాభించేవిగానే ఎందుకుండేవో ఎవరమూ విచారించలేదు. బాగానే ఉందన్న మాట ఎవరి నోట వచ్చినా సరే, వింటే చాలునన్న స్థితిలో ఉన్నాము.

ఒకనాడు అన్నం కలుపుతుంటే గువ్వ ఉన్నట్టుండి అడిగింది. “మామయ్యా, ఇంట్లో ఎవ్వరూ మాట్లాడట్లేదు. ఒక చేపైనా కొనవూ?”

కుక్క అంటే ఇల్లు అద్దెకిచ్చినవారికి గిట్టదు, పిల్లి అంటే నాకు గిట్టదు. చేప చవక, పైగా అరవదు. మరునాడే శ్రీనగర్ కాలనీలోని చేపల దుకాణానికి వెళ్ళాము. “పాపకు మొదటి చేపనా సార్? అయితే గీ ఫైటర్ తీస్కపోండ్రి. ఒక్కటే ఉంటది, ఏం ఫికర్ లేదు,” అన్నాడు దుకాణదారు. నెమలికంఠం రంగు తోకతో అది నిజంగా అందంగానే ఉంది. గువ్వ సీసాకు ముక్కు ఆనించి చాలాసేపు పరీక్షించి పెదవి విరిచింది. “ఇది నోరు తెరవట్లేదు మామయ్యా.” గప్పీలనే చిట్టి చేపలను చూపిస్తే, “వీటి నోళ్ళు మరీ చిన్నవి, డైలాగ్ కనపడదు,” అన్నది. చివరికి ఒక తొట్టిలో తాపీగా నోరు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్న బంగారు చేప దగ్గర ఆగి చప్పట్లు చరిచింది. “ఇది చూడు, ఎన్ని కబుర్లు చెప్తోందో!” వృత్తిరీత్యా నాకూ అదే నచ్చింది. లోకంలో చేపను పెదవుల కదలిక చూసి కొన్నవాళ్ళం మేమిద్దరమే అయి ఉంటాము. “మంచిదే గానీ సార్, దానికి జర జాగ ఎక్కువ గావాలె,” అని దుకాణదారు అంటూనే ఉన్నాడు. పెద్ద తొట్టి అంటగట్టే వ్యాపార మర్మమనుకొని, నేను మళ్ళీ గంభీరంగా తల పంకించాను.

బిస్కట్లు పోసుకునే గాజు సీసా ఒకటి ఇంట్లో ఉండేది. పొట్ట పెద్దది, మూతి సన్నం. దాన్ని కడిగి, కంఠందాకా నీళ్ళు నింపి, చేపను వదిలి కిటికీలో పెట్టాము. మొదట్లో అది ముభావంగా అడుగునే తిరిగింది. మచ్చిక కాలేదని సరిపెట్టుకున్నాము. క్రమంగా పైకి వచ్చి, ఆ సన్నని మూతి దగ్గరే నిలబడి, ఎడతెగకుండా నోరు కదపసాగింది. మా ఆనందానికి మేరలేదు! నేను కాగితం కలం పుచ్చుకొని దానికి సంభాషణలు రాయడానికి కూర్చున్నాను. దాదాపు అన్నీ పెదవులు కలిసే ఓష్ఠ్యాలే. “మామా, పాపం పాప! పప్పూ బొబ్బట్టూ పెట్టు మామా!” గువ్వ సీసా పక్కన నిలబడి, సన్నని గొంతుతో, ఒక్క అక్షరం తప్పకుండా చేప నోటికి కలిపేది. నేను రాయని మాట కూడా ఒకటి ఆ పిల్ల చేపచేత పలికించేది. నోరు తెరిస్తే ‘అ’, మూస్తే మకారం, మళ్ళీ తెరిస్తే మిగిలిన అచ్చు. అమ్మ. అన్ని మాటల్లోకీ అదే ఆ నోటికి అచ్చంగా సరిపోయేది. అది పలికినప్పుడు మాత్రం నేను దిద్దడానికేమీ లేక కిటికీ అవతలికి చూసేవాణ్ణి.

వైద్యులు ఏమి చెప్పారో బావగారు నాకు చెప్పలేదు, అక్కయ్యను ఇంటికి మాత్రం తీసుకువచ్చారు. గువ్వ మాట ఫలించిందని నేను సంబరపడ్డాను. మెత్తలకు ఆనించి కూర్చోబెట్టిన మరుక్షణమే గువ్వ సీసా తెచ్చి ఎదురుగా పెట్టింది. మామా మేనకోడళ్ళమిద్దరమూ మా ప్రదర్శన ప్రారంభించాము. బొబ్బట్టు దగ్గర బావగారు ఫక్కున నవ్వారు. అక్కయ్య నవ్వలేదు. బ్రతుకంతా ఎదుటివారి పెదవులు చూసి జీవించిన మనిషి, చేప నోటివైపే చూస్తూ ఉండిపోయింది. తన రొమ్ము మీద చెయ్యి వేసుకొని, ఆ చేతినే సీసావైపు చూపింది. ఆపైన మూలనున్న ఇత్తడి గంగాళం వైపు చూపి, పెదవులు కదిపింది.

గువ్వ పలకలేదు.

“ఏమంటోందే అమ్మ?” అన్నాను.

ఆ పిల్ల తల్లి నోటినీ చేప నోటినీ మార్చి మార్చి చూసింది. దాని గొంతు ఆనాడు ఎవరిదీ కాదు, దానిదే. “అది మాట్లాడట్లేదంట మామయ్యా. ఊపిరాడట్లేదంట.”

గంగాళం నిండా కొత్త నీళ్ళు పోసి చేపను అందులో వదిలాము. కాసేపు తెప్పలా తేలి, తేరుకొని, అడుగుకు జారి, నోరు మెదపకుండా హాయిగా తిరగసాగింది. నేను రాసిన సంభాషణలన్నీ ఆ నీళ్ళలోనే కలిసిపోయాయి. గువ్వ గంగాళం దగ్గరి నుంచి లేచి మంచం దగ్గరికి వెళ్ళింది.

“నీకూనా అమ్మా?”

అక్కయ్య తల ఊపింది. చిన్నగా నవ్వింది కూడా. గువ్వ ఇంట్లో ఉన్న కిటికీల తలుపులన్నీ, పొయ్యి పక్కనున్న చిన్న కిటికీతో సహా, ఒక్కొక్కటే తెరుచుకుంటూ వెళ్ళింది. ఆనాటి నుంచి తల్లికి గొంతు అరువివ్వడం మానేసి, ఆమె పక్కన ఊరకే కూర్చొని విసనకర్రతో విసిరేది. పూరీల ప్రస్తావన మళ్ళీ రాలేదు. వేసవి తిరగకముందే అక్కయ్య వెళ్ళిపోయింది. చేప మాత్రం ఆ గంగాళంలో చాలా ఏళ్ళు, చివరిదాకా మౌనంగా, బ్రతికింది.

ఇప్పుడు గువ్వకు ఒక కూతురు. మొన్న ఆ మనవరాలికి మొదటి చేప కొనిపెట్టే భారం, ఆ విషయంలో నాకున్న అనుభవం దృష్ట్యా, నామీదనే పడింది. జూబ్లీ హిల్స్‌లో అద్దాల తలుపుల చేపల దుకాణానికి వెళ్ళి, ఏ తర్కమూ లేకుండా ఒక ఫైటర్‌నూ, దానికి వెడల్పు మూతి పాత్రనూ కొన్నాను. “తాతయ్యా, ఇది ఏమంటోంది?” అన్నది పిల్ల. “ఏమీ అనదమ్మా, అది చేప,” అన్నాను. గువ్వ ఇంటికి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కాలి. ఒకప్పుడు సంభాషణలు అల్లుకుంటూ పరుగున ఎక్కిన ఎత్తే. సగం దూరంలో కాళ్ళు ఆగిపోయాయి. ఒక చేతిలో చేప, ఒక చేత ప్రహరీగోడ, నోరు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాను. పిల్ల నా ముఖంలోకి శ్రద్ధగా చూసి, బొంగురు గొంతు పెట్టి మొదలుపెట్టింది. “అమ్మడూ, నీకు ఐస్‌క్రీమ్ కొనిపెడతా. పెద్దది కొనిపెడతా.”

నేనలా అనలేదని చెప్పడానికి నా దగ్గర ఊపిరి లేదు. అన్నిచోట్లా పెదవులు కలవలేదు కూడా. అయినా ఆ ఒక్కసారికి దిద్దకుండా, గంభీరంగా తల పంకించాను.