బావకు పెట్టిన హెడ్డింగు

ఈ ఉదయం ప్రొద్దుటూరులో టీ తాగుతూ పేపరు తిరగేస్తే ఒకే మాట రెండు పేజీల్లో కనిపించింది. ఆటల పేజీలో ఒక బాక్సింగ్ అమ్మాయి ఇంకో అమ్మాయిని నాకౌట్ చేసింది. ఓడిన పిల్ల పాపం నిజంగానే కిందపడి ఉంది. మొదటి పేజీలో ఒక పార్టీ ఇంకో పార్టీని నాకౌట్ చేసింది. అక్కడ మాత్రం ఎవరూ పడలేదు, అందరూ మైకుల ముందు నిక్షేపంగా నిలబడే ఉన్నారు. నా టీ చల్లారిపోయింది. ఆ మాట చూస్తే నాకు ఇప్పటికీ అంతే.

ఒకప్పుడు ఇదే ఊళ్లో ఒక చిన్న పత్రికలో నేనూ హెడ్డింగులు పెట్టేవాణ్ణి. బాక్సింగు చూసిన పాపాన పోలేదు గానీ, ఎన్నికలొస్తే చాలు, పంచ్‌లూ రౌండ్లూ ధారాళంగా వాడేవాణ్ణి. కత్తి, వేటు లాంటి మాటలు మా సీమలో హెడ్డింగుకెక్కితే గొడవ. పరాయి దేశపు ఆట మాటైతే ఎవరికీ తగలదని నా నమ్మకం.

చక్రాయపేట వైపు పల్లెలో ఉండే మా బావ, అంటే అక్క భర్త, ఆ రోజుల్లో సహకార సొసైటీ ప్రెసిడెంటు పదవికి నిలబడి ఓడిపోయాడు. బావను ఆటపట్టించే అవకాశం వస్తే ఏ బామ్మర్ది వదులుకుంటాడు? ఆయన పేరు రాసి, పక్కన ‘తొలి రౌండ్‌లోనే నాకౌట్’ అని లావు అక్షరాల్లో పెట్టి, నాలో నేనే నవ్వుకున్నాను.

ఓట్ల లెక్కింపయ్యాక బావ ఇంటికి పోకుండా పులివెందులలో పార్టీవాళ్ల ఇంట్లో ఉండిపోయాడు. ఊళ్లో రెండు వర్గాల పగ. ఆయన రాని రోజు అక్కకు కంటిమీద కునుకుండేది కాదు. తెల్లవారి టీ అంగడి దగ్గర ఎవరో పేపరు పైకి చదివితే, మరిది వరసయ్యే పక్కింటాయన సగమే విన్నాడు. మా వైపు మనిషి ‘ఔట్’ అంటే ప్రాణం పోయిందనే. పరుగున వచ్చి అక్కతో అనేశాడు.

"వదినా, అన్న ఔటంట. పేపర్లో గూడా యేసినారు."

అందులోనూ అది తమ్ముడి పేపరు. అక్క గడపకేసి కొట్టి గాజులు పగలగొట్టుకుంది. మధ్యాహ్నం బావ బస్సు దిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం, బొట్టు చెరిపేసుకున్న భార్య.

సాయంత్రం నేను పోతే బావ పగలబడి నవ్వాడు. "వాళ్లు నన్ను ఓడించినారు, అంతే. సంపింది మాత్రం మా బామ్మర్దే!" అందరూ నవ్వారు, అక్క తప్ప. గాజు కోసుకున్న చేతికి గుడ్డ కట్టుకుని నాకు సంగటి వడ్డించింది. క్షమించమనడానికి సిగ్గేసింది. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను.

నాలుగేళ్లకు జమ్మలమడుగు దారిలో బావను నిజంగానే చంపేశారు. ఆ కబురు అక్క ఇంకొకరి నోట వినకూడదని నేనే జీపులో పోయాను. చెనిక్కాయలు ఒలుస్తోంది. చెప్పాను. చెయ్యి ఆపలేదు.

"పోయినసారి గూడా ఇట్నే చెప్పినారు గదరా. మీ బావ పొద్దుగూకేలోపల వస్తాడు. నువ్వు తిని పో."

నిజమేనక్కా అన్నాను. ఒట్టేశాను. ఏడ్చాను. "మీ పేపరోళ్లు యెట్లన్నా రాస్తారులే" అని ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో పోసుకుంది. బావను తెచ్చి వాకిట్లో దించేదాకా ఆమె నమ్మలేదు.

బావ పోయి ముప్పయ్యేళ్లు దాటింది. అక్క నన్ను నమ్మని ఆ ఒక్క పూట మాత్రం నాకింకా గడవలేదు.