చంద్రమ్మ స్నానం

భూలక్ష్మికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మదీనాగూడలో ఓ హాస్టల్లో వంటమనిషి ఆమె. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా మూతి విరిచారో, వాళ్ల పని అయిపోయినట్టే. అలాంటి మనిషి ఇప్పుడు ఒక్కరి కోసం బెంగపడుతోంది. చెరువు పొంగి గుడిసెలు మునిగినప్పుడు పక్కింటి కిష్టయ్య కొట్టుకుపోయాడు. అతని భార్య చంద్రమ్మకు ఇల్లూ లేదు, మొగుడూ లేడు.

మర్నాడు శవం దొరికింది. దహనం కాగానే కాటి నుంచి చంద్రమ్మను నేరుగా బడిలో పెట్టిన శిబిరానికి తెచ్చారు. అక్కడున్నది ఒక్కటే నల్లా, దాని చుట్టూ ఎప్పుడూ మగవాళ్లే. చావు స్నానం చేయనిదే ఎవరినీ ముట్టుకోకూడదని ఆమె గుమ్మం బయటే కూర్చుండిపోయింది. మెతుకు ముట్టదు, మాట్లాడదు, ఏడవదు. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని భూలక్ష్మికి ఒకటే దడ.

అప్పుడు దిగారు హైటెక్ సిటీ కంపెనీవాళ్లు. మనసులు తేలికపరుస్తారట! కుర్చీలు గుండ్రంగా వేశారు. "మీ బాధ మాతో పంచుకోండి" అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మేనేజర్ ఓంకార్ చంద్రమ్మను కూడా తెచ్చి కూర్చోబెట్టమన్నాడు.

భూలక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

"ఏంది సారూ పంచుకునేది? మొగణ్ని కాల్చొచ్చిన మనిషి ఇంకా తానం జెయ్యలే. గింతమంది మగోళ్ల ముంగట ఎట్ల జేస్తది? జర అడ్డం ఏదన్న కట్టుండ్రి, చాలు!"

"అది మా ప్లాన్‌లో లేదమ్మా. తర్వాత చూద్దాం."

"నీ ప్లాన్ల మన్ను వొయ్య!"

కొంగు నడుమున దోపి ఫ్లెక్సీ తాడు పట్టుకు లాగింది భూలక్ష్మి. ఓంకార్ వెంట వచ్చిన హర్షిణి ఇక్కడి పుప్పాలగూడలోనే పుట్టిపెరిగిన పిల్ల, చావు స్నానం సంగతి ఆమెకు తెలుసు. రెండోవైపు ముడి తనే విప్పింది. ఇద్దరూ కలిసి నల్లా చుట్టూ ఆ ఫ్లెక్సీ కట్టారు. భూలక్ష్మి చంద్రమ్మను లోపలికి నడిపించి తల మీద నీళ్లు పోసింది.

బయట ఓంకార్ ఆగలేకపోయాడు. "ఫోటోలు ఇంకా తీయలేదు. తొందరగా కానివ్వండమ్మా, మాకు ఫ్లెక్సీ కావాలి!"

లోపలి నుంచి ఒక్క అరుపు. భూలక్ష్మిది కాదు.

"నా మొగడు సచ్చిండురా! జరసేపు ఏడ్వనియ్యుండ్రిరా నన్ను!"

ఓంకార్ తల దించుకున్నాడు. చంద్రమ్మ గుండెలు బాదుకుంటూ రాగం అందుకుంది.

"ఏడ్వక్కా, గట్టిగ ఏడ్వు," అంటూ భూలక్ష్మి ఇంకో చెంబు పోసింది.