నేను బతికించిన బిజురీ

ఒక మనిషి ప్రాణం కాపాడబోయి, ఆవిడ పరువు తీసిన కథ ఇది. ఆవిడ పుస్తకంలో మనిషి కాబట్టి నామీద కేసు పడలేదు. మా మామ్మ మాత్రం వదల్లేదు.

మామ్మ విజయనగరం నుంచి భిలాయి వచ్చి నలభై ఏళ్లు దాటింది. హిందీలో కూరలు బేరమాడుతుంది గానీ చదవలేదు. అందుకని హిందీలో భాగాలుగా వచ్చే ఒక మాయల నవలని రోజూ మధ్యాహ్నం నేను తెలుగులో చెప్పేదాన్ని. అందులో మాట్లాడే పులి ఉంది, ఎగిరే పడవలున్నాయి. మామ్మకి అవేవీ పట్టవు. మోకాళ్ల నొప్పులని మూలుగుతూనే రాక్షసుల్ని తగలబెట్టే బిజురీ అనే ముసలి మంత్రగత్తె ఒక్కతే కావాలి. "అది మన మనిషే" అనేది.

నాలుగో భాగం దుర్గ్ స్టేషన్లో కొని, ఇంటికొచ్చే ఆటోలోనే మొదలుపెట్టాను. సగంలో బిజురీ చచ్చిపోయింది. రచయితని నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆటో భయ్యా వెనక్కి తిరిగి చూశాడు. అంత తిట్టుకుంటూ కూడా మిగతా సగం ఆపకుండా చదివాను, నాకు అసలు కోపం అందుకే.

తాతయ్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఇప్పుడీ చావు కబురు మామ్మకి ఎలా చెప్పను? చెప్పలేదు. బిజురీని బతికించేశాను.

బతికించడం తేలికే. ఆ తర్వాత ఆవిడకి పనెక్కడిది? పుస్తకంలో ఆవిడ లేదు కదా.

"పులెందుకే ఏడుస్తంది?"

"జలుబు, మామ్మా."

"అందరూ ఒక్కసారే గుండు కొట్టించుకున్నారేటి?"

"ఎండలు కదా."

"మరి బిజురీ ఏటి సేస్తంది?"

"ఇంట్లో పప్పు రుబ్బుతోంది."

పదిరోజులు రుబ్బించాను. సైన్యమంతా వడలు తిన్నా మిగిలేంత పప్పు.

పదకొండో రోజు పక్కింటి దీదీ వచ్చింది. వాళ్లమ్మాయి కూడా అదే పుస్తకం చదువుతోంది. "అమ్మాజీ, బిజురీ మర్ గయీ. మేరీ బేటీ దో దిన్ రోయీ" అంది, బిజురీ చచ్చిపోయిందని, వాళ్లమ్మాయి రెండ్రోజులు ఏడ్చిందని. నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

దీదీ వెళ్లాక మామ్మ పిలిచింది.

"ఎలగ పోయింది?"

"కోట తలుపు దగ్గర. పిల్లలందర్నీ దాటించి, ఒక్కతే రాక్షసులకి అడ్డం నిలబడి."

"అలగ పోయిన మనిషి సేత పప్పు రుబ్బించినావేటే?"

"నువ్వు ఏడుస్తావని..."

"ఏడుస్తాను. మీ తాత పోతే ఏడవలేదేటి? ఏడిస్తే ఏటయింది? పుస్తకం తియ్యి."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. రెండోసారి నాకూ ఆ చావు నచ్చింది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మామ్మ కళ్లు తుడుచుకుని, "రాసినోడు బాగానే రాసినాడు. మద్దిలో నువ్వే పాడుసేసినావు" అంది.

ఇకమీదట ఏ రచయిత ఎవర్ని చంపినా అడ్డం రానని, ఇంట్లో ఉన్న గ్రైండరు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను. మామ్మ నమ్మలేదు. ఇప్పుడు ఐదో భాగం నడుస్తోంది. అందులో ఎవరైనా రెండు పేజీలు కనపడకపోతే చాలు, నన్ను ఆపి అడుగుతుంది.

"ఏటే, పప్పు రుబ్బుతున్నాడేటి?"