మడిచిన టేపు చివర

నాటకశాలల గురించి రాసేవాళ్లు కళాసేవ అంటూ మొదలెడతారు. సేవ సంగతి అలా ఉంచండి. తెర ఎప్పుడు లేవాలో, దీపం ఎప్పుడు ఆరాలో చీకట్లో ఒకరు చెబితే ఇంకొకరికి వినపడాలి. ఆ పనంతా తీగల మేస్త్రిది. వేదిక వెనక, దీపాల గదిలో, తెర తాడు దగ్గర ఆయన లాగిన తీగలే, ఆయన హెడ్‌సెట్లే. ఒకరు మాట్లాడితే లైనులో అందరికీ వినిపిస్తుంది.

ఆయనకు చేదోడువాదోడు బావమరిది. స్క్రూడ్రైవర్ పట్టడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. ఆమధ్య ఆ కుర్రాడు "వైర్‌లెస్ సెట్లు కొందాం బావా" అంటే మేస్త్రి నవ్వేశాడు. "గాల్లో మేడలు చాలవా, గాల్లో మాటలు కూడానా?"

ఈ ఏడు ఎవరో కొత్తవాళ్లు వైర్‌లెస్‌తో దిగి చిన్న హాళ్లన్నీ తన్నుకుపోయారు. "ఎవర్రా వీళ్లు?" అంటే, "ఏమో బావా, ఊరూ పేరూ లేని బాపతు" అన్నాడు బావమరిది. మిగిలింది ఈ పెద్ద హాలు. మేనేజరు ఇక్కడా బాల్కనీకి వాళ్ల సెట్లే తెప్పించి, "మీ తీగలకు కలిపి చూడండి. బాగుంటే మొత్తం వాళ్లకే ఇచ్చేస్తాం" అని మొహమ్మీదే చెప్పాడు. తన గొయ్యి తనే తవ్వుకునే పని. అయినా సాయంత్రం నాటకం ఉంది. బావమరిది జ్వరమని రాలేదు.

రెండు లైన్లనూ కలిపే పెట్టె ముందు కూర్చుని మేస్త్రి కొత్తవాళ్ల వైర్‌లెస్ రిసీవర్ నుంచి వచ్చే కేబుల్ అందుకున్నాడు. దానికి చుట్టిన ఎర్ర టేపు చివర లోపలికి మడిచి ఉంది, గోరు పెట్టి లాగితే ఊడొచ్చేలా. ఆ మడత మేస్త్రిది. నేర్పింది ఒక్కడికే.

కేబుల్ గుచ్చాడు. బాల్కనీలో అన్న మాట తీగల్లోకి దిగి, మళ్లీ అన్నవాడి చెవికే తిరిగొస్తుంది. అది పోయేదాకా పెట్టె మీది మర తిప్పాలి. అటునుంచి ఒకరు మాట్లాడుతూనే ఉండాలి.

"బాల్కనీలో ఎవరు?"

అక్కడి మైకు తెరిచినట్టు పెట్టె మీద దీపం మాత్రం వెలిగింది.

"మడత చూశాన్రా. జ్వరం తగ్గిందా?"

"బావా..."

"మాట్లాడు. నీ మాట నీకే తిరిగొస్తోందా?"

"వస్తోంది. నువ్వు కొననన్నావు కదా, అందుకే..."

"ఇంకా వస్తోందా?"

"కొంచెం. చెబుదామనే అనుకున్నా బావా. అక్కే వద్దంది. ఆయన తట్టుకోలేడు, నేను మెల్లిగా చెబుతాలే అంది."

మర మీద వేళ్లు ఆగిపోయాయి. పొద్దున క్యారేజీ కడుతూ, "పాపం, వాడికి ఒళ్లు కాలిపోతోందండీ" అన్నది ఆవిడే.

లైనులో ఎవరో దగ్గారు. దీపాల గదివాడు. "ఊరుకోండి మేస్త్రీ. మాకందరికీ తెలిసిందేగా. మీరూ తెలిసే కలుపుతున్నారనుకున్నాం."

కేబుల్ పీకెయ్యడానికి రెండు వేళ్లు చాలు. మేస్త్రి చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. గోటికి మడత తగిలింది. లాగితే, నేర్పినట్టే, ఎర్ర టేపు మొత్తం ఊడొచ్చింది. దాన్ని ఉండచుట్టి కింద పడేసి, చెయ్యి మళ్లీ మర మీద పెట్టాడు.

"ఇప్పుడు?"

"రావట్లేదు బావా. శుభ్రంగా ఉంది."

"అయితే ఇక నాతో మాట్లాడకు."